డ్రైవర్ సైడు

ఆ వానాకాలం మా నాన్న మొహానికి రెండు వయసులుండేవి. కిటికీ వైపు చెంప డెబ్బై ఏళ్ళవాడిది, రెండో చెంప యాభై ఏళ్ళవాడిది. అసలు వయసు మధ్యలో ఎక్కడో ఉంది. నేనేదో కల్పించి చెబుతున్నాననుకోకండి, జీవితమంతా బస్సు నడిపిన ఎవరి మొహమైనా పట్టి చూడండి. కిటికీలోంచి పడే ఎండ రోజూ ఆ ఒక్క చెంపనే కాలుస్తుంది. గీతలూ, మచ్చలూ, తోలులా మందమెక్కిన చర్మమూ అన్నీ ఆ పక్కనే. నాన్న దాన్ని డ్రైవర్ సైడు అనేవాడు. రెండోది క్లీనర్ సైడు. గడ్డం గీసుకుంటూ కూడా "ఇవాళ డ్రైవర్ సైడు తెగిందమ్మా" అనేవాడు.

నేను పనిచేసేది చర్మం డాక్టరు దగ్గర. సూటిగా చెప్పాలంటే మొహాల మీద వయసు తుడిచే పని. మా గదిలో రెండు మిషన్లున్నాయి. ఒకటి లైటుది, పాతది. రెండోది లేజరు, కొత్తగా వచ్చింది. వచ్చేవాళ్ళు మాత్రం రెండింటినీ లేజరనే అంటారు. అది లైటమ్మా, ఇది లేజరు అని విడమరిచి చెబితే, "ఏదైతే ఏముంది తల్లీ, రెండూ మెరుస్తాయిగా" అంటారు. అప్పుడు నవ్వాలి. నవ్వడం కూడా ఉద్యోగంలో భాగమే.

ఆ ఏడు నా నవ్వు ఎవరో తెచ్చి అతికించినట్టుండేది. అమ్మ వేసవిలో పోయింది. నేను ఏడవలేదు. నాన్నా ఏడవలేదు. "తండ్రీకూతుళ్ళు గుండె రాయి చేసుకున్నారు" అన్నారు చుట్టాలు. అది మెచ్చుకోలో, దెప్పిపొడుపో నాకు అర్థం కాలేదు. నాకైతే రాయి ఉన్నట్టూ తెలియలేదు, గుండె ఉన్నట్టూ తెలియలేదు. పొద్దున్నే లేచి స్నానం చేసి పనికి వెళ్ళేదాన్ని. సాయంత్రం వచ్చి ఇద్దరికీ వండేదాన్ని. ఉప్పు ఎక్కువైనా తక్కువైనా ఇద్దరిలో ఒక్కరమూ కనిపెట్టేవాళ్ళం కాదు.

ఒక మధ్యాహ్నం నాన్న డ్యూటీ బట్టల్లోనే మా క్లినిక్కుకి వచ్చాడు. నున్నటి చెంపల ఆడవాళ్ళ మధ్య, గొడుగు కాళ్ళ మధ్య ఇరికించుకుని కూర్చున్నాడు.

"ఏంటి నాన్నా? ఒంట్లో బాలేదా?"

"ఒంట్లో బానే ఉంది. మొహమే బాలేదంట."

"ఎవరన్నారు?"

"బండిలో వాళ్ళు. నా మొహం చూడలేకపోతున్నారంట."

నాన్న నడిపేది ఒక కంపెనీ బస్సు. పొద్దున్న పనివాళ్ళని ఎక్కించుకుని ఫ్యాక్టరీకి చేరుస్తాడు, సాయంత్రం ఇళ్ళ దగ్గర దింపుతాడు. ఆ ఉదయం బండ్ల సూపర్‌వైజరు పిలిచి చెప్పాడట: "పెద్దాయనా, మీ మొహం చూడలేకపోతున్నామని అంటున్నారు. ఈ వానలు తగ్గేలోపు ఏదో ఒకటి చూసుకోండి. లేకపోతే నేను వేరే మనిషిని పెట్టుకోవాలి."

"అంత మాట అంటే ఊరుకున్నావా?"

"ఆయన అన్లేదమ్మా. వాళ్ళన్నది నాకు చేరేశాడు, అంతే."

నాకు కోపం రావాల్సిన చోటు అది. మామూలు రోజుల్లో అయితే ఆ సూపర్‌వైజరు ఇంటికి వెళ్ళి నాలుగు దులిపి వచ్చేదాన్ని. కోపం కోసం కాసేపు ఎదురుచూశాను, రాలేదు.

"పోనీలే నాన్నా. ఇంతకాలం నడిపావు చాలు. ఇంట్లో హాయిగా కూర్చో."

నాన్న నా వైపు వింతగా చూశాడు. "పగలంతానా?" అన్నాడు. గొడుగు పక్కన పెట్టి, "నా స్టీరింగు పోనివ్వకమ్మా. ఆ లేజరేదో నాకూ చేయించు" అన్నాడు. నాన్న నన్ను ఏదైనా అడగడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు.

మా డాక్టరమ్మని మేమంతా మేడం అంటాం. మేడం దీపం దగ్గరికి లాగి, నాన్న చెంపని వేళ్ళతో సాగదీసి చూసింది.

"రెండూ చెబుతాను, మీరే తేల్చుకోండి. లైటంటే ఫోటో తీసేటప్పుడు ఫ్లాషు కొడతారే, అలాంటిది. అన్ని రంగులూ కలిసిన వెలుగు, పరుచుకుని పడుతుంది. మచ్చలు తగ్గుతాయి, ఎరుపు తగ్గుతుంది. మర్నాడే డ్యూటీకి పోవచ్చు. కానీ గీతల జోలికి పెద్దగా పోదు."

"మరి లేజరండీ?"

"లేజరు ఒకే రంగు వెలుగు. సూటిగా ఒక చోటే దిగుతుంది. కంటికి కనపడనంత సన్నటి చిల్లులు వేస్తుంది, అవి మానేటప్పుడు కింద నుంచి కొత్త చర్మం పుడుతుంది. గీతలకి అదే మందు. కాకపోతే వారం పదిరోజులు మొహం పచ్చిపుండులా ఉంటుంది. ఇల్లు కదలకూడదు. ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు ఎండ తగలకూడదు."

"డ్రైవరుకి ఎండ తగలకూడదా!" నాన్న నవ్వాడు. "వంటమనిషిని పొయ్యి దగ్గరికి పోవద్దన్నట్టుందండీ."

మేడం నవ్వలేదు. "ఇంకో మాట వినండి. మన చాయకి రెండూ జాగ్రత్తగానే వాడాలి. లైటుకి మచ్చేదో, మామూలు చర్మమేదో తెలీదు. నలుపెక్కడుంటే అక్కడ పట్టుకుంటుంది. మీలా కమిలిన చర్మం మీద గట్టిగా కొడితే కాలుతుంది. లేజరు తర్వాత జాగ్రత్తపడకపోతే, ఇప్పుడున్న వాటికంటే నల్లటి మచ్చ పడుతుంది. నిజానికి మీకే జబ్బూ లేదు. ఇలాగే ఉండిపోయినా నష్టం లేదు."

"స్టీరింగు పోతుందండీ," అన్నాడు నాన్న.

ముందు లైటే అని తేలింది. డ్యూటీ పోదు కాబట్టి. మేడం చెవి దగ్గర కాస్త మేర కొట్టి చూసి, కొన్నాళ్ళాగి, కాలలేదని నమ్మకం కుదిరాకే మొదలుపెట్టింది. నేను నాన్న కళ్ళకి నల్ల అద్దాలు పెట్టి, చెంపకి చల్లటి జెల్లు రాశాను. మిషను మెరిసిన ప్రతిసారీ నాన్న కాలు కింద లేని బ్రేకు తొక్కుతూనే ఉంది.

"ఎలా ఉంది నాన్నా?"

"ఎదురుబండి వాడు హెడ్‌లైటు దించకుండా మీదికొస్తున్నట్టుంది. వాణ్ణి తిట్టడానికి లేదు, డాక్టరమ్మాయె."

తర్వాతి రోజుల్లో మచ్చలు ముందు నల్లబడ్డాయి, కాఫీ పొడి చల్లినట్టు. తర్వాత పొట్టులా రాలి కాలరు మీద పడ్డాయి. మరో రెండుసార్లు కొట్టాక చెంప తేటపడింది. గీతలు మాత్రం మునుపటికంటే స్పష్టంగా కనపడసాగాయి. గోడకి సున్నం వేశాక బీటలు కనపడతాయే, అలా.

"సూపర్‌వైజరు ఏమన్నాడు?" ఒక సాయంత్రం అడిగాను.

"ఇంకా అదే మాట అంటున్నారన్నాడు. మచ్చలు పోయాయి కదండీ అన్నాను."

"దానికేమన్నాడు?"

"ఏ మచ్చలు, అన్నాడు."

ఎంత గుడ్డిమొహం వాడు అనుకున్నాను. అక్కడ ఆగి ఇంకో రెండు ముక్కలు అడిగి ఉంటే కథ వేరేగా ఉండేది. కానీ ఆ రోజుల్లో ఏ మాట వెనకా వెళ్ళే ఓపిక మా ఇంట్లో లేదు. వానలు సగమైపోయాయి. నాన్న సెలవు పెట్టి లేజరుకి సిద్ధమయ్యాడు, డ్రైవర్ సైడుకి మాత్రమే.

లేజరుకి ముందు తిమ్మిరి క్రీము రాయాలి. అది నా పని. ఎంతమందికో రాశాను, ఎవరి మొహమైనా నాకు ఒకటే. నాన్న మొహం తాకడం మాత్రం చిన్నప్పటి తర్వాత అదే. కణత దగ్గర నరం కొట్టుకుంటోంది. కంటి కింద చర్మం ఎందుకో ఒరుసుకుపోయి ఉంది. రుద్ది రుద్ది ఉంటాడనుకున్నాను, మచ్చలు దురద పెట్టి ఉంటాయనుకున్నాను.

కాసేపటికి వేలితో మెల్లగా నొక్కాను. "తెలుస్తోందా?"

"ఏమీ తెలీడం లేదు. బాగుందమ్మా ఇది. ఒళ్ళంతా రాయకూడదా?"

నాకు అక్కర్లేదు అనుకున్నాను. నాకు ఆ తిమ్మిరి ఎప్పుడో పట్టింది.

లేజరు అయ్యాక ఇల్లే ఆస్పత్రి అయింది. తెరలన్నీ వేసేశాను. నాన్న ఎర్రటి చెంపకి లేపనం పట్టించుకుని, హాల్లో కుర్చీలో గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. "ఎండ తగలనివ్వకు నాన్నా" అని రోజూ వెళ్ళేముందు చెప్పేదాన్ని. మేడం చెప్పిన మాట అదే. ఒకరోజు పని తొందరగా ముగిసి మధ్యాహ్నమే వచ్చాను. పొద్దున్న ఎలా కూర్చున్నాడో అలాగే ఉన్నాడు. పెట్టివెళ్ళిన భోజనం మూత కూడా తియ్యలేదు.

"తినలేదేం?"

"మధ్యాహ్నం అయిందా?" అన్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు: "పగటిపూట ఈ ఇల్లు ఇలాగే ఉంటుందా అమ్మా? ఇంత పెద్దగానా?"

రెండు గదుల ఇల్లది. మూత తీసి కంచం చేతికిచ్చాను.

మర్నాడు పొద్దున్న లేచేసరికి కుర్చీ ఖాళీ. డ్యూటీ బట్టలు లేవు. సాయంత్రం బస్సు అప్పజెప్పి, తడిసి వచ్చాడు.

"నాన్నా! నీకేమైనా మతుందా? ఎండ తగలకూడదని చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా?"

"ఎండెక్కడుందమ్మా? ఆకాశం చూడు, మబ్బు మూసుకుని ఉంది. సూర్యుడి అజాపజా లేదు."

మరుసటి రోజు మేడం తల పట్టుకుంది. "ఎండంటే వెలుతురే కదా! మబ్బులోంచి మాత్రం రాదా?"

"ఎండంటే ఎండే మేడం," అన్నాను. "మనం ఎవరికైనా ఆ మాటే చెబుతాం. వినేవాళ్ళు ఆకాశం చూసుకుంటారు."

పక్షం తిరగకుండానే నాన్న చెంప నల్లబడింది. కణత నుంచి దవడ దాకా, అట్టు అడుగంటినట్టు. మేడం వేరే క్రీము రాసిచ్చి, "తగ్గుతుంది, కానీ నెలలు పడుతుంది" అంది. వానలు తగ్గడానికి అంత వ్యవధి లేదు. నాన్న అద్దంలో చూసుకుని, "ఇక నన్నెవరు ఉంచుతారులే" అన్నాడు. నేను ఓదార్చలేదు. ఓదార్పు మాటలు ఎక్కడ పెట్టానో గుర్తు రాలేదు.

అలా ఉండగా ఒక సాయంత్రం క్లినిక్కుకి ఒకావిడ వచ్చింది. నడివయసు మనిషి, గొడుగు మడిచి గుమ్మంలోనే నిలబడింది.

"డ్రైవరుగారి అమ్మాయివి నువ్వేనా? నేను వాళ్ళ కంపెనీ స్టోర్సులో పనిచేస్తాను, మీ నాన్నగారి బండిలోనే వస్తాను. ఆయన చెంపకేమైంది తల్లీ? అడిగితే 'మీకోసమే చేయించుకున్నానండీ, ఇలా అయింది' అన్నారు. మాకోసమేమిటి? బండిలో అందరం బెంగపెట్టుకున్నాం."

ఇన్నాళ్ళూ రాని కోపం అప్పుడు కాస్త కదిలింది. "మీరేగా ఆయన మొహం చూడలేకపోతున్నామన్నది?"

"అవును, నేనే అన్నాను."

"అనేసి మళ్ళీ బెంగ కూడానా? మొహానికి గీతలుంటే బస్సు నడవదా?"

"గీతలా? గీతలేమిటమ్మా?" అని, నా ఎదురుగా కుర్చీలో కూలబడింది. "అయ్యో రామ! నేనన్నది అదా! ఎలా చూడమంటావు తల్లీ? పొద్దున్న బండి కదిలిందంటే ఆయన కళ్ళ వెంట నీళ్ళే. దారి పొడుగునా. నాది ఆయన వెనక సీటు, లోపలి అద్దంలో కనపడుతూనే ఉంటుంది. మలుపుల్లో, గేర్లు మార్చేటప్పుడు, ఎప్పుడూ ఆగవు. ఒక్క కుదుపు ఉండదు, బండి మాత్రం వెన్నలా పోతుంది. గేటు దగ్గర ఆపి, రుమాలుతో గట్టిగా తుడుచుకుని, జాగ్రత్తగా దిగండమ్మా అంటారు. భార్య పోయిన మనిషి. చూడలేక సూపర్‌వైజరుతో చెప్పాను, ఆయన మొహం చూడలేకపోతున్నామండీ, కొన్నాళ్ళు సెలవైనా ఇప్పించండి అని. ఆ మహానుభావుడు ఏం చేరేశాడో!"

మా ఇంట్లో ఎవరూ ఏడవలేదనుకుంటున్నాను ఇన్నాళ్ళూ. ముందు నాకు కలిగింది జాలి కాదు, ఉక్రోషం. నాన్నకి ఏడుపు వస్తోంది. నాకు చెప్పకుండా, నాకు పెట్టకుండా, రోజూ ఒక్కడే వెళ్ళి ఏడ్చి వస్తున్నాడు. ఆ ఉక్రోషం తగ్గాక, పగలంతానా అని నాన్న ఎందుకు అడిగాడో అర్థమైంది.

"సెలవు వద్దండీ," అన్నాను. "మీకు పుణ్యముంటుంది, ఆయన్ని బండి దింపొద్దని చెప్పండి. ఇంట్లో ఆయన ఏడవరు."

ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసింది. "నువ్వో?" అనలేదు కానీ, అన్నట్టే చూసింది. "రేపే చెబుతాం, అందరం కలిసి వెళ్ళి చెబుతాం" అని నా చెయ్యి నొక్కి వెళ్ళిపోయింది.

రెండు మూడు రోజులకి నాన్న ఇంటికి వస్తూనే గుమ్మంలోంచి కేకేశాడు. "అమ్మా! లేజరు పనిచేసింది!"

డ్రైవర్ సైడు చెంప నల్లగా నిగనిగలాడుతోంది.

"సూపర్‌వైజరు పిలిచి, పెద్దాయనా మీరే ఉండండి, అందరూ మీరే కావాలంటున్నారు అన్నాడు. నల్లగా అయినా గీతలు పోయాయిగా, అదీ సంగతి. ఇంకోసారి చేయించేద్దాం. క్లీనర్ సైడు కూడా. మళ్ళీ ఎవరూ మాటనకుండా."

"వద్దు నాన్నా."

"అదేంటి? మళ్ళీ అంటే?"

చెప్పకుండా ఊరుకోవచ్చు. కానీ ఇంకో చెంప కూడా కాల్చుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు. నాన్న బూట్లు విప్పుకుంటూ కూర్చున్నాడు, నేను ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"నాన్నా, వాళ్ళు నీ మొహం చూడలేకపోతున్నారు."

"తెలుసుగా. ఆ మాటకేగా ఇంత తతంగం."

"అది కాదు." వేరే మాట కోసం వెతికాను, దొరకలేదు. మళ్ళీ అదే అన్నాను, ఈసారి నెమ్మదిగా. "నీ మొహం... చూడలేకపోతున్నారు నాన్నా."

బూటు తాడు చేతిలోనే ఉండిపోయింది.

"అద్దంలో కనపడుతోందా?" అన్నాడు చివరికి.

"ఆఁ."

"వాన నీళ్ళనుకుంటారనుకున్నాను. అందుకేగా కిటికీ అద్దం తీసి ఉంచేది."

"ఆ మబ్బు రోజు కూడా అందుకే వెళ్ళావా?"

"ఎండ లేదనే వెళ్ళాను, ఒట్టు." బూటు తాడు ముడి లాగాడు. "ఉన్నా వెళ్ళేవాణ్ణేమోలే. ఇక్కడ కూర్చుని కూర్చుని గొంతుదాకా వచ్చేసిందమ్మా. ఇక్కడేమో బయటికి రాదు."

"ఎందుకు రాదు?"

"నువ్వు అంత గట్టిగా నిలబడ్డావు. నేను బేలపడితే నువ్వేమైపోతావో అని."

"నేను గట్టిగా లేను నాన్నా," అన్నాను. "నాకు రావట్లేదు, అంతే. నేనేదో ఓర్చుకుంటున్నాననుకుంటున్నారు అందరూ. ఓర్చుకోవడానికి అసలు ఏమైనా తెలిస్తేగా. అమ్మ చీరలు మడిచి పెట్టాను, అప్పుడూ రాలేదు. నాకు భయమేస్తోంది."

నాన్న నా తల మీద చెయ్యి వేయలేదు, దగ్గరికి తీసుకోలేదు. మా ఇంట్లో అలాంటివి అమ్మ చేసేది. విప్పిన బూట్లు రెండూ జతగా గోడ వారన పెట్టి, డ్యూటీ మాటలు మాట్లాడే గొంతుతో అన్నాడు:

"రేపు నాతో బండెక్కు. ఆఖరి సీటు ఖాళీగానే ఉంటుంది. ఇంజను దాని కిందే, ఆ మోతకి ముందు సీటు వాళ్ళకి కూడా ఏమీ వినపడదు. గేటు దాకా వెళ్ళి, మళ్ళీ నాతోనే వచ్చేద్దువు గాని."

"అక్కడ కూడా రాకపోతే?"

"రాకపోతే ఎల్లుండి ఎక్కు."

మర్నాడు మేడంకి రానని చెప్పి నాన్నతో బయల్దేరాను. సన్నగా చినుకులు పడుతున్నాయి. నేను బండెక్కేసరికి నాన్న సీట్లో కూర్చుని, లోపలి అద్దాన్ని పైకప్పు వైపు తిప్పేసి ఉన్నాడు. బయటి అద్దాలు రెండూ చాలు నాకు, అన్నాడు నా వైపు చూడకుండా. స్టోర్సు ఆవిడ తన స్టాపులో ఎక్కి, నన్ను చూసి, ఏమీ ఎరగనట్టు తన సీట్లో కూర్చుంది. నేను ఆఖరి సీట్లో కిటికీ పక్కన ఉన్నాను. ఊళ్ళో ఉన్నంతసేపూ ఏమీ రాలేదు. పెద్ద రోడ్డు ఎక్కాక వచ్చింది.